ఈసారి లాకెట్ వెనక వైపు ఫొటో కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ నెల్లూరు ఎడిషన్‌లో ‘వెంకటగిరి రాజావారి లాకెట్’ అని వచ్చిన వార్త చదివాను. ఫొటో బాగుంది, వెంకటగిరి రాజవంశమైన వెలుగోటి వారి వైభవం గురించి రాసిందీ బాగుంది. కానీ అది రాజావారిదని ఎవరు చెప్పారో, ఏం చూసి చెప్పారో ఒక్క ముక్క లేదు. పైగా ‘విదేశాల నుంచి కూడా అడుగుతున్నారట’ అని గొప్పగా వేశారు. ఆచారి వీధిలో మా నాన్న కాలం నుంచి బంగారు పని మీదే బతుకుతున్నవాణ్ణి. ఇలాంటివి నా చేతికీ వచ్చాయి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ మధ్య రాపూరు వైపు నుంచి ఒక పెద్దామె మనవరాలి పెళ్లికి గాజులు చేయించాలని ఒక లాకెట్ తెచ్చింది. కోడిగుడ్డు ఆకారం, మూత తీస్తే లోపల గాజు బిళ్ల, దాని కింద తలపాగా పెట్టుకున్న మనిషి ఫొటో. ముఖం దాదాపు చెరిగిపోయింది. వాళ్ల మామగారి తండ్రి వెంకటగిరి సంస్థానం కచేరీలో పనిచేశాడట, దసరాకు రాజావారు బహుమానంగా ఇచ్చారట. అంతకుముందే ఒక షాపులో చూపిస్తే గీటు పెట్టి, “ఇది గోల్డ్ కంట్రోల్ కాలం నగ, రాజులు ఇంత నాసి బంగారం వేసుకుంటారా?” అని నవ్వి, తూకానికి ధర కట్టారట. “ఏం నాయనా, నిజంగా అంత నాసిదా?” అని అడిగింది.

ఆ షాపువాళ్లకు అలా ఎందుకనిపించిందో నాకు తెలుసు. 1963లో గోల్డ్ కంట్రోల్ రూల్స్ వచ్చినప్పుడు 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. మా వీధిలో ఎన్నో కుంపట్లు ఆరిపోయాయి, అది వేరే కథ. ఈ లాకెట్ గీటూ అలాగే పాలిపోయి ఉంది. గీటురాయి మీద 14కీ 15కీ తేడా పట్టడం మాలాంటి వాళ్లకే కష్టం. అయితే కొండీ దగ్గర భూతద్దం పెట్టి చూస్తే చిన్న ముద్రలు కనిపించాయి. 15 అంకె, పక్కన .625 (24లో 15 వంతులంటే అంతే), ఒక లంగరు గుర్తు, ఒక అక్షరం. లంగరు అంటే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బంగారం నాణ్యత పరీక్షించి వేసే ముద్ర. లండన్‌ది అయితే చిరుతపులి తల ఉంటుంది. ఇంగ్లండులో 15 క్యారెట్ల ముద్ర 1854లో మొదలై 1932లో ఆగిపోయింది, ఆ తర్వాత దాని బదులు 14 వచ్చింది. అంటే షాపులో ఎగతాళి చేసిన ఆ తక్కువ బంగారమే దీని వయసు చెప్పే సాక్ష్యం. మన నగలు 22 క్యారెట్లలో చేయించుకున్న జమీందార్లే సీమ సరుకు, అంటే ఇంగ్లండు సరుకు దగ్గరికి వచ్చేసరికి 15, 18 క్యారెట్లవి కొనేవాళ్లు. మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ లాంటి షాపుల్లో అలాంటివి దొరికేవి.

సంవత్సరం తేల్చేది ఆ అక్షరమే. దాని రూపాన్ని, చుట్టూ ఉన్న గడి ఆకారాన్ని ఏ ఏటికి ఏ అక్షరమో చూపే పట్టికతో పోలిస్తే ఏ ఏడు ముద్ర వేశారో తెలిసిపోతుంది. ఈ లాకెట్ మీద అది సగం అరిగిపోయింది. ఎవరో మెరుగు పెట్టించి పుణ్యం కట్టుకున్నారు. లాకెట్‌తో వచ్చిన తోలు డబ్బీ ఏమైందంటే, చెదలు పట్టిందని పారేశామన్నారు. డబ్బీ మూత లోపలి పట్టుగుడ్డ మీద అమ్మిన షాపు పేరు అచ్చేసి ఉంటుంది. చాలా ఇళ్లలో ముందు చెత్తలోకి పోయేది అదే.

ఇంతకీ అది రాజావారిదేనా? ఆ కాలం వస్తువే, ఆ స్థాయి వాళ్లు కొనే వస్తువే. అంతవరకే నేను చెప్పగలను. రాజావారు మెళ్లో వేసుకున్న నగ వేరు, నౌకరుకు బహుమానంగా ఇవ్వడానికి కొనిపించిన నగ వేరు. రెంటినీ కలిపి ‘రాజావారి లాకెట్’ అనేస్తే ధర పెరుగుతుందేమో గానీ చరిత్ర తేలదు. పెద్దామె మనవడు మాత్రం రాజావారిదేనని నా లెటర్‌హెడ్ మీద రాసిమ్మన్నాడు. బరువు, ముద్రలు, ఇంట్లో చెప్పుకునే మాట ‘ఇంట్లో చెప్పుకునే మాట’గానే రాసిచ్చాను. అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. ఆమె మాత్రం దాన్ని కరిగించలేదు, గాజులకు వేరే బంగారం తెచ్చింది.

కాగితాలు వెతకాలనుకునేవారికి ఒక మాట. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. అది భూముల సంగతి, నగలది కాదు. కాబట్టి ఎస్టేటు భూముల రికార్డుల్లో నగల జాబితా కోసం తిరిగితే కాళ్లనొప్పులే. వీలునామాలు, పంపకాల దస్తావేజులు, కోర్టు దావాల్లో దాఖలు చేసిన జాబితాలు చూడాలి. 1953 దాకా మన జిల్లా మద్రాసు కిందే ఉంది గనక ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో కూడా అడగాలి. 2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయిందని నెల్లూరు వాళ్లం చేతులు దులుపుకోలేం. మన వీఆర్ కాలేజీ పేరులో ఉన్నది ఆ వెంకటగిరి రాజాయే.

ఆ ‘విదేశాల నుంచి అడుగుతున్నారట’ సంగతి కూడా చెప్పాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి నగ పురావస్తువు కిందకు వస్తుంది. దాన్ని సొంతదారు ఇష్టానికి దేశం దాటించి అమ్మకూడదు. అలాంటి వస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. మీరు రాసిన అమ్మకందారుకు లైసెన్సు ఉందో లేదో మీ విలేకరి అడిగారా? అడిగి ఉంటే ఆ జవాబు కూడా వేయండి. లాకెట్ మళ్లీ చూసే వీలుంటే వెనక వైపు, కొండీ పక్కన దగ్గరగా ఫొటో తీయించండి. ముద్రలు కనబడితే చాలు, మిగతాది మా వీధిలో ఎవరైనా చదివి పెడతారు.

ఇట్లు,
ఒక బంగారు పనివాడు,
ఆచారి వీధి, నెల్లూరు