కూర్చున్న అకిలీస్‌కి కాళ్ల వేగమెందుకు?

ఒరేయ్ శీనూ,

"గ్రీకు, లాటిన్ చదవడానికి వెళ్లి ఈ సిద్ధాంతాల గొడవేంట్రా, హాయిగా పద్యం చదువుకోక?" అని అడిగావు కదా. తీరిగ్గా రాద్దామని ఇన్నాళ్లు ఆగా. ఎంఏలోకి వచ్చాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇదీ: మనం ఏ ప్రశ్న పట్టుకుని వెళ్తే పద్యంలో దానికి తగ్గ సాక్ష్యమే కంటికి ఆనుతుంది.

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్ ఉంది కదా, దాని మొదటి భాగం చివర్లో మహావీరుడు అకిలీస్ అలిగి ఓడల పక్కన కూర్చుంటాడు. అప్పుడు కూడా హోమర్ అతన్ని 'వేగంగా పరిగెత్తే కాళ్లవాడు' అనే అంటాడు. కూర్చున్నవాడికి ఆ మాట ఎందుకు? మిల్మన్ ప్యారీ అనే అమెరికన్ 1928లో పారిస్‌లో ఇచ్చిన థీసిస్‌లో ఈ ప్రశ్ననే తిరగేశాడు. సందర్భం సంగతి పక్కన పెట్టి, పద్యపాదంలో ఛందస్సుకి ఎంత చోటు మిగిలిందో చూడమన్నాడు. చోటు ఎక్కువుంటే 'పోదాస్ ఓకుస్ అఖిలెవుస్' (వేగమైన కాళ్ల అకిలీస్), తక్కువుంటే 'దీయోస్ అఖిలెవుస్' (దివ్యుడైన అకిలీస్). ఒక్కో జాగాకి దాదాపు ఒక్కటే విశేషణం! ఇంత పొదుపైన ఏర్పాటు ఒక్కడు చేసేది కాదు, తరతరాల గాయకులు కూడబెట్టిందే అని తేల్చాడు. అంతటితో ఆగలేదురా. 1933 నుంచి 35 వరకు యుగోస్లావియాలో తిరిగి పాటగాళ్లని రికార్డు చేశాడు. అక్కడ అవ్దో మెజెదోవిచ్ అనే ఆయన, చదవడం రాయడం రానివాడు, 12,000 పాదాలకు పైగా ఒకే కథ చెప్పాడు. ఆ 1935 చివర్లోనే ప్యారీ పోయాడు, 33 ఏళ్లకే. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పని ఆగకుండా శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ అందుకున్నాడు.

దీంతో పాఠపరిష్కారం, అంటే రాతప్రతుల్ని పోల్చి అసలు పాఠం తేల్చే పని, మొత్తం కదిలింది. జర్మన్ పండితుడు లాఖ్మన్ పద్ధతిలో ప్రతులన్నిటికీ వంశవృక్షం గీసి మూలప్రతికి చేరాలని చూస్తారు. మరి పాడిన ప్రతిసారీ మారే కథకి మూలం ఏది? ఈజిప్టులో దొరికిన తొలినాటి పపైరస్‌ ముక్కల్లో మనం చదివే ఇలియడ్‌లో లేని పాదాలు అదనంగా ఉన్నాయి. అవి తర్వాతెప్పుడో చేరినవని పండితుడు మార్టిన్ వెస్ట్ అన్నాడు. ఇంకో పండితుడు గ్రెగరీ నాజ్ మాత్రం అవీ సంప్రదాయంలో భాగమే అంటాడు. నేను నాజ్ వైపే మొగ్గుతున్నా.

అలాగని ప్యారీ పద్ధతితో అన్నీ తేలవు. అకిలీస్ యుద్ధంలో చెరపట్టి తెచ్చుకున్న బ్రిసేయిస్‌ని చూడు. మొదటి భాగంలో ఆమెని ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి లాక్కెళ్తుంటే ఒక్క మాట మాట్లాడదు. 19వ భాగంలో అకిలీస్ స్నేహితుడు పట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తూ, తన మొగుణ్ణి చంపింది అకిలీసేనని చెబుతుంది. 'వేగమైన కాళ్ల' లాంటి, మళ్లీ మళ్లీ వచ్చే సూత్రపదాలు ఎన్ని లెక్కపెట్టినా ఆ ఏడుపు లెక్కకి అందదు. దానికి స్త్రీవాద దృష్టి కావాలి, బానిసత్వ చరిత్ర కావాలి. తర్వాతి కాలాలు ఈ కావ్యాల్ని ఎలా చదువుకున్నాయన్నది ఇంకో పెద్ద శాఖ, దాని గురించి ఇంకోసారి రాస్తా.

నీతో ఒక పనుంది. కార్తీకంలో కారంపూడి వెళ్తావుగా, వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడేటప్పుడు బాలచంద్రుడి పేరుకి ముందు ఏయే మాటలు వస్తున్నాయో, ఎక్కడెక్కడ వస్తున్నాయో రాసి పెట్టరా. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు కూడా చెయ్యి. అదే ఘట్టం ఇంకో గాయకుడి నోట కూడా దొరికితే తప్పకుండా రెండూ పంపు.

నీ
రఘు