సీరియల్ నటి కష్టం గురించీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. సీరియల్ వాళ్ల పెళ్లిళ్లు, గొడవలు వేస్తారు సరే, వాళ్ల పని గురించి ఒక్క ముక్క రాయరేమండీ? అమెరికాలో సుసాన్ లూచీ ‘ఆల్ మై చిల్డ్రన్’ సీరియల్లో ఎరికా కేన్ పాత్రను 1970 నుంచి 2011 దాకా చేసింది, పగటిపూట టీవీ కార్యక్రమాలకిచ్చే డేటైమ్ ఎమ్మీ అవార్డుకి 18 సార్లు నామినేట్ అయ్యి ఉత్తచేతులతో వెనక్కొచ్చి 1999లో 19వసారి గెలిస్తే హాలంతా లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. 2018లో గుండె రక్తనాళం 90 శాతం మూసుకుపోయి స్టెంట్లు వేయించుకుంది, అప్పటినుంచీ ఛాతీలో బరువుగా ఉంటే ఆలస్యం చేయొద్దని ఆడవాళ్లకు చెబుతోంది. నాకైతే అవార్డు కంటే ఇదే గొప్ప. మా కడపలో ఆడవాళ్లు గ్యాసేమోలే అని వాము నమిలి పడుకుంటారు! మన తెలుగు సీరియల్ నటీమణుల గురించీ ఇలాంటివి వారానికొకటి వేయండి, ఫోటో చిన్నదైనా పర్లేదు.

– ఒక పాఠకురాలు, ఎర్రముక్కపల్లి, కడప