ఈ నెల వినే పుస్తకం: ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్

అందరికీ నమస్కారం. ఓట్లు లెక్కపెట్టాం, జో అబర్‌క్రాంబీ రాసిన, 2006లో వచ్చిన ఈ నవలే గెలిచింది. చదివింది స్టీవెన్ పేసీ. మొత్తం దాదాపు 22 గంటలు, కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి.

వచ్చే ఆదివారం సాయంత్రం 7 గంటలకు గ్రూప్ కాల్. అప్పటికి మొదటి భాగం పూర్తి కావాలి.

దయచేసి స్పీడ్ పెంచకండి. ఇందులో గ్లోక్టా అనే పాత్ర ఉంది. అతను ఒకప్పుడు కత్తిసాములో విజేత, శత్రువుల చెరలో చిత్రహింసలు పడి ఒళ్లంతా పాడై తిరిగొచ్చాడు, ఇప్పుడు తనే ఇతరులను హింసించి నిజాలు రాబట్టే అధికారి. పైకి అనే మాట ఒకటి, లోపల అనుకునేది ఇంకొకటి. పళ్లు పోయిన ఆ నోటి మాటను పేసీ ఎలా పలికారో వింటేనే తెలుస్తుంది. నాకైతే ఈ పుస్తకానికి ప్రాణం గ్లోక్టానే.

మొదట్లో కథ నెమ్మదిగా సాగుతుంది, వదిలేయకండి. పేర్లు గుర్తుండకపోతే ఓ కాగితం మీద రాసుకోండి.

హింస, బూతులు బాగా ఉన్నాయి. పిల్లలు దగ్గరుంటే ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.

ముందే విన్నవాళ్లు గ్రూపులో కథ బయటపెట్టొద్దు, ప్లీజ్!

కాల్‌కి వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే ‘సరే’ అని పెట్టండి. లోగెన్, జెజాల్, గ్లోక్టా పాత్రల్లో మీకు ఎవరు నచ్చారో, ఎందుకో ఆలోచించి రండి.