ఫోన్ లాక్ చేస్తే కిస్తీ దేంతో కట్టాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆ మధ్య మా అక్క కొడుకు డల్లాస్ నుంచి ఒక ఫోన్ తెస్తే అది అక్కడి నెట్‌వర్క్ కంపెనీ లాక్ ఉన్నదట, మన సిమ్ వేస్తే పనే చేయలేదు, మన దగ్గర షాపుల్లో దాదాపు అన్నీ ఏ సిమ్ వేసినా పనిచేసే అన్‌లాక్డ్ ఫోన్లే కదా అని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు, కిస్తీ ఆగితే అప్పిచ్చిన కంపెనీయే ఫోన్ లాక్ చేసేస్తోంది.

మా తమ్ముడు ఇక్కడే ఫుడ్ డెలివరీ చేస్తాడు. 16 వేల ఫోన్ ఫైనాన్స్‌లో తీసుకున్నాడు, షాపులో కుర్రాడు అందులో ఏదో యాప్ వేసి నాలుగు చోట్ల ఓకే ఓకే అని తనే నొక్కేసి చేతిలో పెట్టాడు. మూడో కిస్తీకి అకౌంట్లో 200 తక్కువై ఆటో డెబిట్ బౌన్స్ అయింది. రెండ్రోజులకి పొద్దున లేచి చూస్తే స్క్రీన్ మీద కట్టాల్సిన డబ్బు, కంపెనీ నంబర్, అంతే. వాడి యూపీఐ అందులోనే, ఓటీపీ వచ్చేది అందులోనే, ఆర్డర్లు పడే యాపూ అందులోనే, ఇంక దేంతో కట్టాలి సార్? నా ఫోన్ నుంచి కట్టాం, లాక్ తీసేసరికి మర్నాడు సాయంత్రం అయింది, బౌన్స్ ఛార్జీ వేరే.

ఇలా లాక్ చేయొద్దని 2024లో ఆర్‌బీఐ చెప్పిందని, మళ్లీ కస్టమర్ ముందే ఒప్పుకుంటే చేసుకోనిద్దామని ఆలోచిస్తోందని 2025 సెప్టెంబర్లో పేపర్లలోనే వచ్చింది. ఎగ్గొట్టేవాళ్లు లేరని నేననను, లాక్ లేకపోతే సిబిల్ స్కోర్ లేనోళ్లకి అప్పే పుట్టదని షాపువాళ్లు అనేదాంట్లో కొంత నిజముంది. కానీ ఒప్పుకోవడం అంటే ఏంటి, ఆ కుర్రాడు నొక్కిన ఓకేనా? లోన్ వివరాలన్నీ మనకి అర్థమయ్యే భాషలో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌గా ఇవ్వాలని 2024 అక్టోబర్ నుంచి రూల్ ఉంది కదా, మావాడికి వచ్చింది ఇంగ్లీష్ పీడీఎఫ్. అదీ ఆ లాకైన ఫోన్లోనే ఉంది!

పర్మిషన్ ఇచ్చేటట్టయితే కాల్స్, యూపీఐ, పని చేసుకునే యాప్ జోలికి రాకూడదని, డబ్బు కట్టిన గంటలో లాక్ తీయాలని రాసి మరీ ఇవ్వాలి. రాత్రి 7 దాటాక రికవరీ కాల్ చేయొద్దన్న ఆర్‌బీఐకి ఇది పెద్ద పనేం కాదు.

మా తమ్ముడైతే ఇప్పుడు కిస్తీ తారీఖు ముందు రోజు అమ్మ బటన్ ఫోన్ తీసుకుని చార్జింగ్ పెట్టుకుంటున్నాడు.

- ఒక పాఠకురాలు, హన్మకొండ