ప్రాజెక్టు ఇస్తే సరిపోదు, చదవడమూ నేర్పాలి

సంపాదకుడు గారికి,

డిగ్రీ ప్రాజెక్టుల సీజను వస్తే లైబ్రరీలో వినిపించే మాట ఇది: "సార్, అద్వైతానికీ విశిష్టాద్వైతానికీ తేడా మీద పది పేజీలు కావాలి. రేపే సబ్మిషన్." పుస్తకం చేతికిస్తే విషయసూచిక దాటరు. ఫోన్లో దొరికిన పేరాలు అతికించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేస్తారు. మార్కులూ పడతాయి. పిల్లల్ని అని లాభం లేదు. భక్తి ఇంట్లో అబ్బింది గానీ మతగ్రంథాన్ని పరిశీలనగా చదవడం వాళ్లకెవరూ నేర్పలేదు.

పద్ధతి మరీ కష్టమైనదేం కాదు. గీత 18వ అధ్యాయంలో "సర్వధర్మాన్ పరిత్యజ్య" (అన్ని ధర్మాలూ విడిచి) శ్లోకమే తీసుకోండి. అద్వైతి శంకరులు దాన్ని సర్వకర్మ సన్న్యాసంగా, అంటే కర్మలన్నీ వదిలేయడంగా వివరించారు. విశిష్టాద్వైతి రామానుజులు కర్మలు మానమనలేదు, ఫలాన్నీ కర్తనన్న భావాన్నీ వదలమన్నారు. అంతటితో ఆగక, ప్రాయశ్చిత్త కర్మలు విడిచి శరణు వేడమని రెండో అర్థమూ చెప్పారు. రెండు భాష్యాలూ పక్కపక్కన పెట్టుకుని, దానికి ముందున్న శ్లోకాలతో సరిచూసి, ఎవరు ఎందుకలా అన్నారో రెండు పేజీలు సొంతంగా రాయమనండి. ఏ ముద్రణో, ఏ పేజీయో కింద వేయమనండి. బైబిలైతే ఒకే సంఘటనను మత్తయి, మార్కు, లూకా ఎలా చెప్పారో పోల్చవచ్చు.

మతం జోలికెళ్తే గొడవలని ప్రిన్సిపాళ్ల టెన్షన్. రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను వద్దన్నది. మతాల గురించి చదవడం దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో తేల్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ కమిషన్ డిగ్రీ రెండో ఏడు మతగ్రంథాల్లోంచి ఎంచిన భాగాలు, మూడో ఏడు మత తత్వశాస్త్రం చదివించమంది.

చూడాలంటే వనరులూ దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. 1888లో మొదలై అరబిక్ రాతప్రతులను అచ్చువేస్తూ వచ్చిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. మన కాలేజీల బస్సులు మాత్రం ఫిలిం సిటీకే కడతాయి!

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ప్రాజెక్టు మార్గదర్శకాల్లో ఒక నిబంధన చేర్చాలి. మతం మీద రాసే విద్యార్థి మూలగ్రంథాన్నీ కనీసం రెండు వ్యాఖ్యానాలనూ చదివినట్టు వైవాలో చూపాలి. గైడుగా సంతకం పెట్టే లెక్చరరు కూడా వాటిని ముందే తిరగేసి ఉండాలి.

– ఒక విశ్రాంత లైబ్రేరియన్, తెనాలి