బండి వెనక నిలబడేవాడి క్షేమం

హైదరాబాద్

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. మీ తమ్ముడు అంబులెన్సులో టెక్నీషియనుగా చేరబోతున్నాడని చదివి చాలా సంతోషించాను. ఆ పనిలో ప్రమాదాలేమైనా ఉన్నాయా అని నువ్వు అడిగిన చోట మాత్రం కాసేపు ఆగిపోయాను. తొమ్మిదేళ్లుగా ఈ నగరంలో అదే పని చేస్తున్నాను కనుక ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఇంట్లోవాళ్లందరూ సైరను వేసుకుని వెళ్లే పైలట్ గురించే బెంగపడతారు. మేము డ్రైవరును పైలట్ అంటాము. అతనికి సీటు బెల్టు ఉంటుంది, చేతిలో స్టీరింగు ఉంటుంది, కళ్ల ఎదుట రోడ్డు ఉంటుంది. వెనక రోగి పక్కన ఉండేవాడికి రోడ్డే కనబడదు. గుండె ఆగిన మనిషికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలంటే లేచి నిలబడక తప్పదు. నిలబడినవాడికి బెల్టు ఎక్కడిది? రెండేళ్ల క్రితం ఒక రాత్రి అమీర్‌పేట దగ్గర ఆటో ఒకటి అడ్డంగా తిరిగితే, పైలట్ వేసిన బ్రేకుకు నేను వెళ్లి ఆక్సిజన్ సిలిండరు స్టాండుకు గుద్దుకున్నాను. ఎముక విరగలేదు గానీ ఆరు వారాలు నా చేయి పైకి లేవలేదు. సిలిండరుకు పట్టీ బిగించి ఉంది కనుక సరిపోయింది, లేకుంటే అది రోగి మీద పడేది.

అప్పటి నుంచి మలుపు గానీ, స్పీడ్ బ్రేకరు గానీ రాబోతుంటే పైలట్ ముందే గట్టిగా కేకవేస్తాడు, నేను పై కడ్డీ పట్టుకుంటాను. వీలైనంత వరకు సెలైన్ సూదిని బండి కదలక ముందే పెట్టేస్తాను.

సూదుల సంగతి మీ తమ్ముడికి మరీ మరీ చెప్పు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలు గుచ్చుకున్నవాళ్లను చూశాను. దాన్ని నేరుగా చిల్లుపడని తెల్ల డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే రక్తం పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులను రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. వాటిని 28 రోజులు వాడాలి. నేను మొదట పనిచేసిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు, రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్-బికి టీకా కూడా నా డబ్బుతోనే వేయించుకున్నాను. ఆసుపత్రి వ్యర్థాలపై 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, వాటిని ముట్టుకునే సిబ్బందికి ఆ టీకా వేయించే బాధ్యత సంస్థదే. అందుకే ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆలస్యమైందన్న కోపంతో బంధువులు మీద పడటమూ ఉంది. పారామెడికల్ సిబ్బందిపై దాడి నేరమని 2008లోనే చట్టం వచ్చింది, అయినా అర్ధరాత్రి గొడవ జరుగుతున్న వీధిలో ఆ చట్టం మన పక్కన నిలబడదు. అటువంటి చోట పోలీసులు వచ్చేదాకా బండి దిగకూడదు, బండి ముఖాన్ని బయటికి వెళ్లే వైపే తిప్పి ఉంచుకోవాలి.

హెపటైటిస్-బి టీకా రెండో డోసు నెలకు, మూడోది ఆరు నెలలకు పడుతుంది కనుక, ఉద్యోగపు కాగితం చేతికి వచ్చేదాకా ఆగకుండా మొదటిది ఈ వారమే వేయించు. ఆదివారం నాకు సెలవు. అతన్ని పంపిస్తే బండి ఎక్కించి, బ్రేకు పడినప్పుడు ఎక్కడ పట్టుకోవాలో నేనే చూపిస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు