ఆగస్టు 6న షాపు తెరవను

శ్రావణం 9న వస్తోంది. నా దగ్గర ఇంకా కుట్టవలసిన జాకెట్లు నలభై దాకా ఉన్నాయి. ఇలాంటప్పుడు శుక్రవారం, 2021 ఆగస్టు 6న, షాపు మూసేస్తానంటే మీకు కోపం రావడం న్యాయమే. కరోనా వల్ల ఈ వేసవిలో సగం రోజులు షట్టరు దించే ఉంది, అద్దె మాత్రం పూర్తిగా కట్టాను. ఒక్క రోజు బేరం పోతే ఎంత పోతుందో నాకూ లెక్క తెలుసు.

నిజం చెప్పాలి. ఇన్నేళ్లుగా ఆ తేదీన షట్టరు మీద ఏదో ఒక అబద్ధం అంటించాను. ఒక ఏడాది జ్వరం, ఒక ఏడాది మిషను మోటారు కాలిపోయింది, ఒక ఏడాది బంధువుల పెళ్లి. అది ఆషాఢమని మీలో ఎవరూ గమనించలేదు, నా అదృష్టం. పోయిన నెల ఒక అక్క ఆది జాకెట్టు ఇస్తూ, "నీకు ఏటా ఒకే తేదీన జ్వరం వస్తుందేమమ్మా?" అని నవ్వింది. అందుకే ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర చుండూరు. మీలో చాలామందికి ఆ పేరు చాలు, మిగతాది తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. 1991 జులైలో సినిమా హాల్లో మా దళితవాడ కుర్రాడి కాలు ముందు సీట్లో పెద్ద కులం అబ్బాయికి తగిలిందని గొడవయింది. మాకు పొలం పనులు ఆపేశారు. నెల తిరగగానే, ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే మా వాళ్లను పొలాల్లో తరిమి ఎనిమిది మందిని చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊరు వదిలి తెనాలి వచ్చి సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణలో తలదాచుకున్న వందల మందిలో నేనూ ఉన్నాను, తొమ్మిదేళ్ల పిల్లని. ఆ చర్చి ఎదురింట్లో ఒక పెద్దమ్మ మిషను పక్కన కూర్చుని కాజాలు కుట్టడం నేర్చుకున్నాను. ఈ షాపు అక్కడ మొదలైనట్టే.

షాపులో గుడ్డ పేలికలన్నీ పాత చీరల్లో మూటకట్టి పెడతానెందుకని అడుగుతుంటారు, గోతం పది రూపాయలకే వస్తుంది కదా అని. మా అమ్మ ఇంట్లోకి గోతం రానివ్వదు. బియ్యం కొన్నా గుమ్మం బయటే డబ్బాలోకి ఒంపి, ఖాళీ గోతాన్ని వీధి చివర పడేసి, చేతులు కడుక్కుని లోపలికి వస్తుంది. ముప్పై ఏళ్లయినా అదే తంతు. ఆమెను చూసి నాకూ అలవాటయింది.

కేసు సంగతి. నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని మా పెద్దలు పట్టుబట్టి సాధించారు. దళిత నాయకుడు కత్తి పద్మారావు గారు, లాయరు బొజ్జా తారకం గారు వెంట నిలబడ్డారు. 2007 జులై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. పదహారేళ్లు పట్టినా వచ్చిందిలే అనుకున్నాం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులంది. ఎనిమిది మంది హత్యకు గురయ్యారన్నది ఎవరూ కాదనలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదట. ప్రాణభయంతో పరిగెత్తేవాళ్లు గడియారం చూసుకుంటారా? చట్టం నాకు తెలియదు, కానీ ఈ మాట ఏడేళ్లుగా నాకు మింగుడు పడటం లేదు. అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాని సంగతి తేలకముందే 2016లో తారకం గారు పోయారు. మా వాడలో సాక్ష్యం చెప్పినవాళ్లలోనూ కొందరు పోయారు.

హైకోర్టు తీర్పు వచ్చిన రోజు ఆ వార్త విన్నప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. బయట ఎన్నికల ఆటో మైకు మోగుతోంది. పట్టు గుడ్డ మీద చెయ్యి భాగం అడ్డంగా కోసేశాను. ఆ గుడ్డ మళ్లీ కొనిచ్చాను కానీ కారణం చెప్పలేదు, దీపం ఆరిపోయిందన్నాను. అదీ అబద్ధమే. ఆ చెల్లెలు ఇది చదివితే క్షమించాలి.

ఇంతకాలం ఎందుకు దాచానంటే, మా ఊరి అవతలి వీధుల ఆడవాళ్లూ నా దగ్గర కుట్టించుకుంటారు. వాళ్ల కొలతలు నాకు నోటికి వచ్చు. వాళ్లు రావడం మానేస్తే బేరం తగ్గుతుందని భయం, అంతే. అందులో గొప్పతనం ఏమీ లేదు.

ఊరి నడుమ మా వాళ్లను పూడ్చిన చోటును రక్తక్షేత్రం అంటాం. శుక్రవారం అమ్మను తీసుకుని అక్కడికి వెళతాను. ఈసారి ముప్పై ఏళ్లు నిండుతాయి.

గురువారం రాత్రి 9 దాకా కుడతాను, తయారైనవి అప్పుడే తీసుకెళ్లండి. శనివారం ఉదయం 8కి తెరుస్తాను. 9వ తేదీకి తప్పనిసరిగా కావలసినవారు ముందే ఫోను చేయండి, ఆ జాకెట్లు ముందు కోస్తాను. ఫాల్, పీకో మాత్రం ఈ వారం తీసుకోను. ఇకపై నా దగ్గరికి రాకూడదు అనుకునేవారికి అడ్వాన్సు తిరిగి ఇస్తాను. మీ ఆది జాకెట్లు పేర్లు రాసి పై అరలో పెట్టాను, పట్టుకెళ్లడం మరచిపోకండి.